వలస అని రాసిన పేరు

ఉదయగిరి కొండ కింద పల్లెల్లో ఏఎన్‌ఎమ్‌గా చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆత్మకూరులో మా చెల్లెలి ఇంటి పక్కనే ఉంటున్నాను. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు కొందరు సెలవు రోజుల్లో వచ్చి కూర్చుంటారు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. "మీ కాలంలో ఇన్ని యాప్‌లు లేవు మేడమ్, హాయిగా పనిచేసుంటారు" అంటారు. యాప్‌లు లేని మాట నిజమే. హాయి మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

వాళ్లతో చాలా కబుర్లు చెప్పాను. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. అందులో నేను మంచిగా కనబడను. ఎదురుగా ఆ లేత మొహాలు పెట్టుకొని చెప్పడం నావల్ల కాలేదు. కాగితం మీద అయితే చెప్పగలననిపించి రాస్తున్నాను. అమ్మాయిలూ, ఇది మీకోసమే.

నా సబ్‌సెంటర్ కింద నాలుగు పల్లెలుండేవి. అందులో ఒక పల్లెలో సగం ఇళ్లు జీవాలు కాసుకొని బతికేవాళ్లవి. జీవాలంటే మా వైపు గొర్రెలు, మేకలు. ఎండలు ముదిరేసరికి కొండ కింద మేతా ఉండదు, నీళ్లూ ఉండవు. సరిగ్గా అప్పుడే సంగం వైపు కాలువల కింద వరి కోతలవుతాయి. కోసిన కయ్యల్లో, అంటే వరి మళ్లలో, గొర్రెకు మేత దొరుకుతుంది, మంద కట్టించుకుంటే కయ్యకు ఎరువు దొరుకుతుంది. అందుకని ఏటా ఇక్కడి మందలు అక్కడికి దిగుతాయి. ఒక రైతు కయ్యలో రెండు మూడు రోజులు, తర్వాత ఇంకొకరి కయ్యలో. తొలకరి పడ్డాక గానీ తిరిగి రారు. ఇక్కడివాళ్లు దాన్ని 'కిందికి పోవడం' అంటారు.

ఆ పల్లెలో ఒక కోడలుపిల్ల ఉండేది. ఇరవై రెండో, ఇరవై మూడో ఉంటాయి. పొడుగ్గా, సన్నగా, మాట తక్కువ మనిషి. మొదటి కాన్పుకు నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. నొప్పులు వచ్చి ఎంతసేపటికీ బిడ్డ దిగకపోతే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఆ పాప సరిగ్గా నడక నేర్చుకోకముందే ఆమె మళ్లీ నెల తప్పింది. నేను గట్టిగా కేకలేశాను.

"అయిపోయినాది గదా నర్సమ్మా. ఇప్పుడు తిడితే వెనక్కి పోతాదా?" అంది నెమ్మదిగా.

ఆమె కార్డు మీద ఎర్ర పెన్నుతో హైరిస్క్ అని రాశాను. పాత కోత ఉన్నచోట గర్భసంచి బలహీనంగా ఉంటుందనీ, నొప్పులు ముదిరితే అక్కడ విడిపోయే ప్రమాదముందనీ, అందుకని తొమ్మిదో నెల పడగానే ఆసుపత్రిలో చేరిపోవాలనీ ఆమెకూ ఆమె మొగుడికీ చెప్పాను. పైగా ఒంట్లో రక్తం తక్కువ. ఆమె అన్నిటికీ తలూపింది. ఎదురు మాట్లాడకుండా తలూపేవాళ్లంటే నాకు భయముండాల్సింది. అప్పట్లో ఇష్టంగా ఉండేది.

ఏడో నెలలో ఒకరోజు మాత్రలు ఇద్దామని వెళ్తే ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. కళ్లకు నల్లద్దాలు, ఒళ్లో మనవరాలు.

"కోడలేదమ్మా?"

"కిందికి పోయినాది. నాకు కంటాపరేషన్ అయినాది గదా, పొగ కాడికి పోవద్దన్నాడు డాక్టరు. ఏటా మందకాడ వండేది నేనే. ఈసారి ఎవురో ఒకరు పోవాల గదా."

"ఏడో నెల మనిషిని ఎట్టా పంపించారు? నేను చెప్పింది చెవిన పెట్టరా మీరు?"

"ఎనిమిదో నెల పడంగానే బస్సెక్కిస్తానన్నాడు నా కొడుకు. నన్నేం చెయ్యమంటావమ్మా?"

నాకు ఒళ్లు మండింది. మాత్రలు సంచిలో వేసుకొని విసురుగా వచ్చేశాను. సబ్‌సెంటర్‌కు వచ్చి రిజిస్టర్ తీసి, ఆమె పేరెదురుగా 'వలస' అని రాశాను.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ మాట రాశాక నాకు కోపం తగ్గి, బరువు దిగినట్టనిపించింది. వలస అని రాస్తే ఆ మనిషి మా జాబితాలో ఉండదు. ఆమెకు ఏమైనా అయితే అది మా ఏరియాలో అయినట్టు కాదు. నెలాఖరు మీటింగులో మా సూపర్‌వైజర్ కాగితాలు తిరగేసి, "మీకు హైరిస్క్ ఒకటి తగ్గిందే" అన్నాడు. "అవును సార్" అన్నాను. పక్కన కూర్చున్న ఆశా కార్యకర్త నా మొహంలోకి చూసింది.

ఆమెదీ ఆ పల్లే. ఆమె మొగుడూ మందతో పోయేవాడే. ముప్పై ఏళ్ల మనిషి, పదో తరగతి దాకా చదివింది. ఆమె రాసే అక్షరాలు కోడి గెలికినట్టుంటాయని నేను ఎగతాళి చేసేదాన్ని. పల్లెలో ఏ ఇంట్లో ఎవరు అన్నం తినలేదో కూడా ఆమెకు తెలుసు.

ఎనిమిదో నెల పడిన వారానికి ఆశా వచ్చింది. "మేడమ్, ఆ పిల్ల ఇంకా రాలేదు."

"ఫోన్ చెయ్యి."

"స్విచాఫ్ వస్తా ఉండాది. మందకాడ చార్జింగ్ యాడుంటాది?"

"సంగం వైపు కూడా ఏఎన్‌ఎమ్‌లు ఉంటారు కదా, చూసుకుంటారులే."

"వాళ్లకు ఎట్ట తెలస్తాది మేడమ్? మీరు చెప్పినారా?"

చెప్పలేదు. రేపు చెప్తానన్నాను. ఆ రేపు టీకాల రోజు. తర్వాత పై ఆఫీసర్ల పర్యటన. గోడలకు సున్నం, చార్టులు, కొత్త దుప్పట్లు. ఆ తర్వాత నాకే జ్వరం. ఆశా మధ్యలో ఇంకో రెండుసార్లు గుర్తు చేసింది. రెండోసారి నేను విసుక్కున్నాను కూడా. అట్లా పదిహేను రోజులు గడిచిపోయాయి.

ఒకరోజు పొద్దున ఆరుకే ఆమె మా ఇంటి ముందు నిలబడింది. భుజాన సంచి, చేతిలో నీళ్ల సీసా.

"మా ఊరాయన పెండ్లికని కింద నుంచి వచ్చినాడు. ఆ పిల్ల వాళ్ల మందను సంగం కాడ చూసినాడంట. నేను పోతా ఉండా. మీరొస్తే రండి, లేకుంటే ఒక్కదాన్నే పోతా. మీటింగుకు రాలేదని రాసుకుంటే రాసుకోండి."

చీర మార్చుకొని బయల్దేరాను. ఆత్మకూరు బస్సులో ఆమె నా పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చుంది. ఆత్మకూరులో దిగి సంగం వైపు వెళ్లే బస్సు మారాం. అక్కడ దిగేసరికి తొమ్మిదిన్నర. అప్పటికే ఎండ చురచురలాడుతోంది.

ముందు అక్కడి సబ్‌సెంటర్‌కు వెళ్లాం. అక్కడి ఏఎన్‌ఎమ్ లావుపాటి మనిషి, నుదుట పెద్ద బొట్టు. ఒక బిడ్డను తూస్తూ ఉంది. సంగతంతా చెప్పాను.

"మందలోళ్లా?" అంది తూకం మీద నుంచి చూపు తిప్పకుండానే. "ఈరోజు ఈ కయ్య, రేపు ఇంకో కయ్య. మా సర్వేలో వాళ్లు లేరక్కా. నేను ఎవుర్ని పట్టుకొనేది?"

"మా రిజిస్టర్లో వలస అని రాశాను."

ఆమె అప్పుడు నావైపు తిరిగింది. "యాడికి వలస? నాకొక ఫోన్ కొట్టుంటే పోయుండనా నేను? రాసేసి కూర్చుంటే నాకేమన్నా కలొస్తాదా?"

ఆమె బిడ్డను తల్లి చేతికిచ్చి, మిగతావాళ్లను చూసుకోమని తన దగ్గరున్న ఆశాకు చెప్పి, సంచి తగిలించుకొని స్కూటీ బయటికి తీసింది.

"ఎక్కండి ఇద్దరూ. తిట్టేది తర్వాత తిడతాలే."

ముగ్గురు ఆడవాళ్లం ఆ చిన్న స్కూటీ మీద కాలవ గట్టెక్కాం. మామూలు రోజైతే నవ్వుకొనేవాళ్లం.

గట్టు పక్కన మోటారు షెడ్డు దగ్గర ఒక పెద్ద రైతు తలకు తువ్వాలు చుట్టుకొని కూర్చున్నాడు. ఉదయగిరి వైపు మందలు చూశారా అని అడిగాం.

"మా కయ్యలోనే మూడు దినాలు కట్టినారు. నిన్న పొద్దున లేపినారు" అన్నాడు. ఆయనే మళ్లీ, "కడుపుతో ఉండే బిడ్డ కోసమా మీరొచ్చింది?" అన్నాడు.

"అవునన్నా. ఎట్టా ఉంది?"

"మా ఇంటామె మజ్జిగ పోసింది. కూర్చోమంటే కూర్చోలేదు, నిలబడే తాగినాది. నడుం పట్టుకొని నడస్తా ఉండింది. ఆస్పత్రికి తోలకపోరా అని ఆ పిల్లోడికి నేనూ చెప్పినా." ఫోన్ తీసి ఇద్దరు రైతులతో మాట్లాడాడు. "తూము దాటినాక ఎడం పక్క దిగండి. ఆడుండారు."

తూము దాటాక దూరం నుంచే మందను రాత్రిళ్లు నిలిపే వల కంచె కనబడింది. గట్టు వార రెండు కర్రలకు పట్టా కట్టి నీడ చేసుకున్నారు. ఆ నీడకు ఇవతల ఆ పిల్ల మామ కూర్చొని తెగిన వల అల్లుతున్నాడు. మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం కుండ. పొయ్యి ఆరిపోయింది, అన్నం సగమే ఉడికింది. పట్టా కింద గొంగళి మీద ఆమె ఒక పక్కకు ముడుచుకొని పడుకొని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక, పైట సర్దుకుంది.

"ఎప్పటినుంచి నొప్పి?" అన్నాను.

"నొప్పేం లేదు."

సంగం ఏఎన్‌ఎమ్ కూర్చొని ఆమె పొట్ట మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నావైపు చూసింది.

"నిన్న మద్దేనం నుంచి" అంది ఆ పిల్ల. "పాత కోత కాడ. పొద్దున్నుంచి తట్టుకోలేకుండా ఉండాది."

"ఎవరితోనన్నా చెప్పావా?"

ఆమె మామ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "మామతో ఎట్ట చెప్పేది నర్సమ్మా?" అంది. ఆ మందకాడ మొగుడు, మామ, మరిది. ఆడమనిషి ఆమె ఒక్కతే. నొప్పెక్కడో చెప్పడానికి ఇంకొక ఆడదిక్కు లేదు.

నాడి చూస్తే పరుగెడుతోంది. పాత కోత మీద వేలు ఆనిస్తే ఉలిక్కిపడింది. సంగం ఏఎన్‌ఎమ్ సంచిలోంచి ఫీటోస్కోప్ తీసి ఇచ్చింది. చెవి ఆనించి విన్నాను. చాలాసేపటికి అందింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది, కానీ ఉండాల్సినంత వేగం లేదు. ఆగి ఆగి, అలిసిపోయినట్టు.

సంగం ఏఎన్‌ఎమ్ 108కు ఫోన్ చేసింది. మేపుకు పోయిన ఆ పిల్ల మొగుణ్ణి పిలుచుకు రావడానికి ఆశా పొలాలకు అడ్డంపడి పరుగెత్తింది. "లేమ్మా, పోదాం" అన్నాను నేను.

"నేను రాను" అంది.

మామ వల పక్కన పడేసి లేచాడు. "పొద్దున్నుంచి ఇదే మాట. ఏమయినాదంటే చెప్పదు. ఆస్పత్రి అంటే వద్దంటాది. ఇంటికాడుండమ్మా, ఎవుర్నో ఒకర్ని వంటకు కుదురుస్తాం అంటే, నేనే వస్తా మామా, నేనే వస్తా అని బయల్దేరినాది. నేనేం చేసేది తల్లీ?"

అది నాకు కొత్త సంగతి. వాళ్లు లాక్కెళ్లారనుకున్నాను.

"ఎందుకు రావు? బిడ్డకు ప్రమాదం, నీకూ ప్రమాదం" అన్నాను. నా గొంతులో పాత కసురు వచ్చేసింది.

ఆమె నన్ను సూటిగా చూసింది. అన్నేళ్లలో ఆమె నన్ను అట్లా చూడడం అదే మొదటిసారి.

"పోయినసారి నన్ను తోలకపోయినారు గదా. జీవాల కంపు అన్నారు. మందను కూడా తోలకొచ్చినావా ఏంది అన్నారు. కాళ్లు ఎడంగా పెట్టలేదని తొడ మీద కొట్టినారు. అందరూ నవ్వినారు." ఆగి ఊపిరి పీల్చుకుంది. "మీరు ఆడనే ఉండారు నర్సమ్మా. మీరూ నవ్వినారు."

సంగం ఏఎన్‌ఎమ్ తల దించుకొని సంచిలో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

నాకు గుర్తొచ్చింది. ఏ ఆసుపత్రో చెప్పను, అవసరం లేదు. ఆ మాట అన్న నర్సు నాకు తెలిసిన మనిషే. నేను తెచ్చిన కేసుల్ని వెంటనే చూసేది. రేపు ఇంకొకర్ని తీసుకొస్తే ఆమెతోనే పని. అందుకని ఆమె అన్న మాటకు నవ్వాను. గట్టిగా ఏమీ నవ్వలేదు, పళ్లు కనబడేంత. బయటికి వచ్చాక మరిచిపోయాను. బల్ల మీద కాళ్లు పైకి కట్టి పడుకోబెట్టిన మనిషికి ఆ గదిలో తెలిసిన మొహం నాదొక్కటే. ఆమె నా మొహమే చూస్తూ ఉందన్నమాట.

మంద కోసం కాదు, అత్త కళ్ల కోసం కాదు, మేము కాన్పుకు తీసుకుపోలేనంత దూరం పోవాలని ఆమె కిందికి దిగింది. దాన్ని నేను వలస అని రాశాను.

ఆమెకు ఇంకో నొప్పి వచ్చి పోయింది.

"నవ్విన మాట నిజమే" అన్నాను. "తప్పు చేశాను. ఈసారి నిన్ను ఎవరేమన్నా నేను ఊరుకోను. నీ పక్కనుంచి కదలను."

ఆశా, ఆ పిల్ల మొగుడు పరుగున వచ్చారు. మొగుడు చెమటతో తడిసిపోయి, ఎవరి మొహమూ చూడకుండా నిలబడ్డాడు. ఆశా ఆమె పక్కన చతికిలబడి చెయ్యి పట్టుకుంది.

"మే, నీ కూతురు నన్ను చూస్తే అమ్మ అమ్మ అని ఎగబడతా ఉండాది. నేనెన్నాళ్లని సర్దేది దాన్ని? లెయ్యి."

ఆమె ఆశా చేతిని గట్టిగా పట్టుకొని కళ్లు మూసుకుంది. "లేపండి" అంది.

108 గట్టు మీదికి రాలేదు, తారురోడ్డు మీదే ఆగింది. గొంగళి నాలుగు మూలలూ పట్టుకొని, ఆమెను ఎడమ పక్కకు పడుకోబెట్టి, మొగుడూ మామా ముందు, ఆశా నేనూ వెనక, కోసిన కయ్యలకు అడ్డంపడి నడిచాం. సంగం ఏఎన్‌ఎమ్ గొడుగు పట్టుకొని పక్కన పరుగెత్తింది. వరి మోళ్లు కాళ్లకు గుచ్చుకుంటున్నాయి. మధ్యలో మామ చెప్పు తెగిపోయింది. రెండో చెప్పు కూడా విదిలించేసి వట్టి కాళ్లతో నడిచాడు. రోడ్డెక్కాక చూస్తే ఆయన పాదాల మీద రక్తం.

నెల్లూరు దాకా బండిలో ఆమె తల నా ఒళ్లో ఉంది. బండిలో ఉన్న కుర్రవాడు సెలైన్ ఎక్కించాడు. కొంచెం రక్తం కనబడింది. మధ్యలో ఒకసారి ఫీటోస్కోప్ పెట్టి విన్నాను. ఏమీ అందలేదు. ఇంజన్ చప్పుడు వల్ల అనుకున్నాను. ఇంజన్ చప్పుడు వల్లేనని నెల్లూరు దాకా అనుకుంటూనే ఉన్నాను.

నెల్లూరులో మేము చేర్చిన ఆసుపత్రిలో ఒక చిన్న వయసు నర్సు ఎదురొచ్చింది. నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె ముక్కు చిట్లిస్తే ఏమనాలో, ఒక మాట తూలితే ఎట్లా నిలదీయాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఆ నర్సు ఏమీ అనలేదు. ఆపరేషన్‌కు తయారు చేస్తూ, తడి దూది తీసుకొని ఆమె పాదాలకంటిన మన్ను, పెంట నెమ్మదిగా తుడిచింది. "భయపడొద్దక్కా, ఇక్కడికి వచ్చేశారు కదా" అంది. అన్నేళ్ల సర్వీసులో నేను ఎవరి కాళ్లూ తుడవలేదు.

గంటన్నర తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చింది. పాత కోత విడిపోయిందనీ, కుట్టగలిగామనీ, గర్భసంచి తీసేయాల్సిన అవసరం రాలేదనీ చెప్పింది. మొగపిల్లవాడు, ఊపిరి లేదు, ఎంత ప్రయత్నించినా రాలేదు.

"ఎవరి కేసు ఇది?" అని అడిగింది.

"నాదే" అన్నాను.

ఆమెకు పూర్తిగా తెలివి వచ్చేసరికి మర్నాడు పొద్దెక్కింది. ఆ పక్కనే స్టూలు మీద కూర్చొని ఉన్నాను.

"ఏం బిడ్డ?" అంది.

"మగబిడ్డ."

"ఏడ్చినాడా?"

"లేదమ్మా."

మొహం గోడవైపు తిప్పుకుంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని చూశాను. గోడవైపు చూస్తూనే అంది: "వాసన వస్తా ఉండానని ఈడ ఎవురూ అనలేదు."

లేచి ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాను.

నెల తర్వాత విచారణ మీటింగు పెట్టారు. బిడ్డ ఎందుకు చనిపోయాడో, ఎక్కడ ఆలస్యమయిందో రాయడానికి ఒక ఫారం ఉంటుంది. మీకు తెలిసిందే. ఏరియా అనే చోట పెన్ను ఆగింది. ఇటువైపు వాళ్లు అటు చూశారు, అటువైపు వాళ్లు ఇటు చూశారు. మా సూపర్‌వైజర్ నా పక్కకు వంగి, "వలస అని ముందే రాసి పెట్టారు కదా, అది చూపించండి చాలు. మన మీదికి రాదు" అన్నాడు. చెడ్డమనిషేం కాదు. నన్ను కాపాడదామనే అన్నాడు.

వెనక వరసలో ఆశా కూర్చొని ఉంది. సంగం ఏఎన్‌ఎమ్‌ను కూడా పిలిపించారు. ఆమె రుమాలుతో మెడ తుడుచుకుంటూ నావైపే చూస్తోంది.

నేను లేచి నిలబడ్డాను. "మా కేసే సార్. ఆశా పదిహేను రోజుల ముందే చెప్పింది. నేను వెళ్లలేదు. సంగం వాళ్లకు కబురు చెయ్యలేదు. వాళ్ల తప్పేమీ లేదు" అన్నాను. మెమో ఇచ్చారు. అది నా సర్వీసు కాగితాల్లో ఉంది.

నవ్విన సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు. ఆ ఫారంలో దానికి కాలమ్ లేదు. ఉన్నా చెప్పేదాన్నో లేదో. ఇప్పుడు చెప్తున్నాను.

మీటింగు అయ్యాక సంగం ఏఎన్‌ఎమ్ మెట్ల దగ్గర నన్ను ఆపింది. "నీ ఫోన్ నంబరియ్యక్కా. వచ్చే ఎండాకాలం మందలు దిగేటప్పుడు ఎవురు దిగతా ఉండారో నాకు చెప్పు. కడుపుతో ఎవురు, ఎన్నో నెల, ఆ రెండు చాలు. మిగిలింది నేను చూసుకుంటా."

ఆ ఏడాది నుంచి అదే చేశాం. పై నుంచి ఆర్డరేమీ లేదు. ఆశా ఆ కోడి గెలికిన అక్షరాలతోనే ఒక చీటీ రాసిచ్చేది, నేను ఫోన్‌లో చదివేదాన్ని. జలదంకి వైపు మందలు పోతే అక్కడి ఆమెకు. వింజమూరు దగ్గర ఇంకొకామె మమ్మల్ని చూసి మొదలుపెట్టింది. అందరూ చెయ్యలేదు. "మా ఏరియా కాదు కదా" అన్నవాళ్లున్నారు. వాళ్లమీద నాకు కోపం రాదు. ఆ మాటలో ఎంత సుఖముందో నాకు తెలుసు.

మీ ట్యాబ్‌లో ఇప్పుడు వలసకు ఒక బటన్ ఉందని విన్నాను. నొక్కే ముందు ఆ మనిషి మీ ఏరియా వదిలిపోతోందో, మిమ్మల్ని వదిలిపోతోందో ఒకసారి అడగండి. అడిగితే చెప్తారు. నన్ను చూసి ఆమె అన్నాళ్లు తలూపిందంటే, నేను అడగలేదని అర్థం.

ఆమె ఆ తర్వాత రెండేళ్ల దాకా నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే పక్కకు తిరిగేది. కాపర్ టీ వేయించుకోవడానికి కూడా ఆశా వెంట వేరే ఊరికి వెళ్లింది. అది ఆమె హక్కు. మూడో ఏడు ఎండలు ముదరకముందే సబ్‌సెంటర్‌కు వచ్చింది. వెంట ఆమె తోడికోడలు. అంటే ఆ మరిదికి కొత్తగా వచ్చిన భార్య, తొలిచూలు.

"ఈ పిల్ల కిందికి పోదు" అంది, నాతో అన్నట్టూ అననట్టూ. "ఆస్పత్రికి మీరు తోలకపోండి. నేనూ వస్తా."

"నువ్వెందుకు? ఇంట్లో పాప ఉంది కదా."

"వస్తా" అంది.

నెల నిండాక తీసుకెళ్లాం. మొదటిసారి ఆమెను తీసుకెళ్లిన ఆసుపత్రికే. ఆ పాత నర్సు బదిలీ అయిపోయింది. కానీ గది అదే, బల్ల అదే. తోడికోడలికి నొప్పులు నడుస్తున్నాయి. ఈమె తలుపు పక్కన గోడకు ఆనుకొని నిలబడింది. బల్ల మీద పిల్లను చూడడం లేదు. నన్ను చూస్తోంది. ఎవరు లోపలికి వచ్చినా, ఎవరు ఏమన్నా, ఆమె చూపు నా మొహం మీదే.

నాలుగు గంటలయ్యేసరికి నాకు తల పగిలిపోతోంది. పొద్దుట నుంచి ఏమీ తినలేదు. కాన్పుకు ఇంకా టైముందని నర్సు కూడా చెప్పింది. సంచి తీసుకొని తలుపు దాకా వచ్చాను.

"యాడికి?" అంది.

"పది నిమిషాలు. టీ తాగొస్తాను."

ఆమె తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఈడికే తెప్పిచ్చుకోండి" అంది.

వెనక్కి వెళ్లి స్టూలు మీద కూర్చొని, ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. బిడ్డ ఏడ్చేదాకా లేవలేదు.